నీళ్ళడగని శ్లాబు

ఎర్మెలిందా ఇంటి కొత్త శ్లాబు పోసి మూడు రోజులైంది. ఇంతవరకూ ఒక్కసారి కూడా నీళ్ళడగలేదు.

పెరూ రాజధాని లిమా శివారులోని ఆ ఇసుక కొండమీద ఏ శ్లాబైనా, పోసిన మర్నాటి పొద్దుటినుంచి వారం రోజులు నీళ్ళడుగుతుంది. అప్పుడే నిద్రలేచినవాడిలా బొంగురు గొంతుతో “నీళ్ళు” అంటుంది. ఆడవాళ్ళు “వస్తున్నా, అరవకు” అని విసుక్కుంటూ బిందెతో నిచ్చెనెక్కి తడిపి, తమ పని చూసుకుంటారు. వారానికి రెండుసార్లే ట్యాంకరు వచ్చే చోట అదేమీ చిన్న పని కాదు. అందుకే ఈ శ్లాబు నోరెత్తకపోయేసరికి ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు.

“అదృష్టమంటే నీదే. మాది మా ప్రాణం తోడేసింది,” అంది పక్కింటి పెద్దావిడ దోన్యా ఎపిఫానియా. అన్నాక ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. “అవునూ, ఆదివారం కలుపులో నీళ్ళెన్ని పోశారు?”

బజార్లో చేపలమ్మే ఎర్మెలిందాకి ఆ ప్రశ్న చురుక్కుమంది.

ఆదివారం ముప్పైమంది సాయానికొచ్చారు. సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు, కంకర నాలుగు, నీళ్ళు కొలత ప్రకారం. అంతవరకూ మేస్త్రి సెవెరీనో లెక్క తప్పలేదు. అతను ఆమె పెద్దకూతురికి జ్ఞానస్నానం నాటి జ్ఞాన తండ్రి; ఆ వరసన ఆమె అతన్ని కొంపాద్రే అంటుంది, అతను ఆమెని కొమాద్రే అంటాడు. శ్లాబు పూర్తయి, ఆచారం ప్రకారం దానిమీద సారా సీసా పగలగొట్టేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు. మధ్యాహ్నం రెండయింది. మాంసం పులుసు చల్లారుతోంది. కలుపు చిక్కగా ఉండి మోసేవాళ్ళ చేతులు పడిపోతున్నాయి.

“కొమాద్రే, ఇంకాస్త నీళ్ళుంటే జారుగా పారుతుంది,” అన్నాడు సెవెరీనో.

నీళ్ళు కరువైన కొండమీద అతిథి నీళ్ళడిగితే లేదనడం కంటే పరువు తక్కువ ఇంకోటి లేదు. ఎర్మెలిందా వారం రోజులు దాచిన డ్రమ్ములోంచి తనే బకెట్ల మీద బకెట్లు ముంచి ఇచ్చింది. అందరూ చేతులెత్తి దీవించారు. మూడింటికల్లా భోజనాలయ్యాయి.

ఎర్మెలిందా ఇప్పుడు పైకెక్కి మేకుతో గీసింది. తెల్లటి పిండి రాలింది. ఒక బిందె పోసింది. నీళ్ళు పైనే నిలిచాయి.

“కలిపేటప్పుడే కడుపునిండా తాగింది, ఇంకేం అడుగుతుంది?” కిందనుంచి అంది ఎపిఫానియా. “ఆ ఎక్కువ నీళ్ళు ఆరిపోయాక మిగిలేవి బొక్కలేనమ్మా.”

సాయంత్రం సెవెరీనో వచ్చాడు. ఎర్మెలిందా కుర్చీ వేయలేదు.

“దీన్ని పగలగొట్టాలి, కొంపాద్రే.”

“నాలుగేళ్ళ నీ కష్టం అది. నా చేతి శ్లాబు కూలిందని ఎప్పుడైనా విన్నావా?”

“కూలిందన్నానా? పలకలేదంటున్నా. పలకనిదాని కింద నా పిల్లల్ని పడుకోబెట్టను.”

“నలుగురిలో నా తల కొట్టేస్తున్నావు.”

“నీళ్ళిచ్చింది నేను. ఆ మాట నలుగురిలోనూ చెప్తాలే.”

అతను గొణుక్కుంటూ పైకెక్కాడు. శ్లాబుకి చెవి ఆనించి “నీళ్ళు కావాలా?” అని అడిగాడు. కాసేపాగి, కాస్త బుజ్జగింపుగా మళ్ళీ అడిగాడు. చివరికి దిగొచ్చి ఎవరినీ చూడకుండా సమ్మెట అందుకుని మళ్ళీ పైకెక్కాడు. నాలుగో దెబ్బకే బిస్కెట్టులా విరిగింది. కంకరంతా అడుగుకి దిగి, పైన ఇసుకే మిగిలి ఉంది. అతను మళ్ళీ సమ్మెట ఎత్తాడు.

మళ్ళీ సిమెంటు కూడేసరికి ఏడాది పట్టింది. ఈసారి మిక్సరు దగ్గర చిన్న డబ్బా పట్టుకుని ఎర్మెలిందాయే నిలబడింది.

“చేపలకి పోసినన్ని నీళ్ళైనా పొయ్యవేం, తల్లీ?” అన్నాడొక మోతగాడు.

“చేపలు నెత్తిన పడవు నాయనా. మొయ్యి.”

భోజనాలు అయిదింటికయ్యాయి. పులుసు చల్లారిందని అందరూ సణిగారు. తెల్లారకుండానే పైనుంచి బొంగురుగా కేక వినిపించింది. ఆమె బిందె ఎత్తుకుని, విసుక్కోకుండా ఎక్కింది.

ఆ వారంలోనే ఆమె చేపల గంప చెల్లెలికి అప్పగించింది. ఈ కొండమీద మిక్సరు తిరిగే చోట నీళ్ళ డబ్బా ఇక మొహమాటస్తుల చేతికి వెళ్ళకూడదని నిశ్చయించుకుంది. అప్పటినుంచి పదకొండేళ్ళుగా ప్రతి శ్లాబుకీ ఆ డబ్బా తనే పట్టుకుంటోంది. ఇంటివాళ్ళు బతిమాలినా, సెవెరీనో కళ్ళతో సైగచేసినా, ఏ శ్లాబుకీ ఆమె ఒక్క గ్లాసు ఎక్కువ పొయ్యలేదు.