ఊఁ అంటే చాలు

వేగం మనిషిని చంపదు, వేగం అందుకోవడం చంపుతుంది. కొత్తవాళ్లకు పదకొండేళ్లుగా నేను చెప్పే మొదటి పాఠం ఇదే. అంతరిక్ష నౌక పరుగందుకునేటప్పుడు లోపలివాళ్ల ఒళ్లు తొమ్మిదింతల బరువెక్కుతుంది. దాన్ని తట్టుకోగలవాళ్లను నేలమీదే ఏరడానికి మా దగ్గరో యంత్రం ఉంది. పొడవాటి ఇనుప చెయ్యి, దాని చివర చిన్న గది, గదిలో మనిషి. గిరగిరా తిప్పుతాం. మేం దాన్ని గానుగ అంటాం. తిప్పేవాణ్ని నేనే.

ఆ రోజు ఎక్కింది మా బామ్మర్ది.

"కండలు చూసుకుని మురవకురా. రక్తం కాళ్లలోకి దిగితే ముందు చూపు పోతుంది, తర్వాత తెలివి పోతుంది. తొడలూ పొట్టా బిగపట్టు," అన్నాను.

"నువ్వు తిప్పు బావా. చిన్నప్పట్నుంచీ మా అక్కనే తట్టుకున్నా, ఇదెంత," అని నవ్వాడు.

తెలివి తప్పకుండా ఇరవై సెకన్లు ఆగితే పాసు. ఓపికుంటే నలభై దాకా తిప్పుతాం, అంతదాకా ఎవరూ ఆగలేదు. ఐదు సెకన్లకోసారి నేను "ఉన్నావా" అనాలి, వాడు "ఉన్నాను" అనాలి, పలక్కపోతే ఆపెయ్యాలి. ఈ రూలు రాసిన మహానుభావుడు గానుగెక్కిన పాపాన పోలేదు. అంత బరువులో దవడ కదలదు. అందుకని మాలో మేమే దాన్ని "ఊఁ"కి కుదించుకున్నాం.

పదిహేనుకి "ఊఁ" అన్నాడు. ఇరవైకీ అన్నాడు. తెరమీద బుగ్గలు జారిపోయాయి గానీ కళ్లు తెరిచే ఉన్నాయి. ముప్పై ఐదుకి కూడా "ఊఁ" వినిపించింది. పొంగిపోయాను, వెధవని. నలభైకి గానుగ ఆగింది. తలుపు తీసేసరికి ఒళ్లుంది, వాడు లేడు.

డాక్టరు గుండె గీతల కాగితం చూశాడు. "పద్దెనిమిదికే తెలివి తప్పింది. అక్కడ ఆపుంటే తలనొప్పితో ఇంటికెళ్లేవాడు."

"పలికాడు సార్."

"పలకలేదయ్యా. రొమ్ము మీద బరువుకి ఊపిరి బయటికొచ్చింది. నువ్వు విన్నది గాలి."

మా పెద్దసారు డాక్టర్ని బయటికి పంపి తలుపేశాడు. "నలభై అని రాయి. పద్దెనిమిదంటే అక్కడెందుకు ఆపలేదని నిన్నే అడుగుతారు."

రాశాను. ఒక్క కొట్టివేత కూడా లేదు, అదే నాకు అసహ్యం. "మా తమ్ముడు నలభై నిలిచాడటగా," అని మా ఆవిడ ఏడుస్తూనే గర్వంగా అడిగితే తలూపాను.

మనిషి నలభై ఆగగలడని తేలింది కదా, పైవాళ్లు పాసు గీతను ఇరవై నుంచి నలభైకి జరిపారు. మరుసటి వారం ఒకమ్మాయి గానుగ గదిలో కూర్చుని నన్నడిగింది.

"మీ బామ్మర్ది నిజంగా నలభై ఆగాడా అన్నా?"

"ఆగాడమ్మా," అని బెల్టు బిగించాను.