మిట్ట మీద వినబడే గొంతు

మా ఇల్లు వాగు పక్కన పల్లంలో ఉంది. అక్కడ పోలీసు, ఫైరు రేడియోలు వినిపించే స్కానర్ పెడితే గరగర తప్ప ఏమీ వినబడదు. అందుకని మధ్యాహ్నం కారు తీసి, ధాన్యం గోదాముల పక్కన మిట్ట మీద ఆపుకుని కూర్చుంటాను. చేతి స్కానర్ కిటికీకి ఆనిస్తే మా కౌంటీ, అంటే జిల్లా, కంట్రోల్ రూము మాటలు వినబడతాయి. ఎక్కడో గడ్డి అంటుకుందనీ, ఎవరో మెట్ల మీంచి జారిపడ్డారనీ, ఏ బండి బయల్దేరాలో చెప్పే ఆ గొంతు నా కూతురు రోచెల్‌ది.

వాళ్ళ నాన్న చనిపోయిన ఏడాదే పొలం అమ్మేశాను. అప్పట్నుంచి నాతో మాట్లాడదు. ఊరందరితో మాట్లాడుతుంది, అది నేనూ వింటాను.

పోయిన వారం చేతి స్కానర్ మూగబోయింది. ఈసారి కారు డాష్‌బోర్డులోనే బిగించేది కొందామని ర్యూబెన్ కొట్టుకు వెళ్ళాను. నెబ్రాస్కాలో మా వైపు ట్రాక్టర్లకూ ఫైరింజన్లకూ రేడియోలు బిగించేది అతనే.

"రా ఆల్వినమ్మా! ఏంటి, ఈ వయసులో దొంగల్ని పట్టడానికి బయల్దేరావా?"

"నీ బిల్లు చూసినప్పుడే ఒకడు దొరికాడులే."

పకపకా నవ్వి, రెండు స్కానర్ పెట్టెలు పట్టుకుని కారు దగ్గరికి వచ్చాడు. టేపు పెట్టి కొలిచాడు.

"ఈ చిన్నది క్యాసెట్ ప్లేయర్ ఉన్న చోట ఇట్టే పడుతుంది. పెద్దదానికైతే చుట్టూ కొయ్యాలి. కానీ అక్షరాలు ఎండలో కూడా కనబడతాయి."

"నేను చూడక్కర్లేదయ్యా. వింటే చాలు."

అతని నవ్వు పోయింది. మా ఊళ్ళో ఎవరు ఎవరి కోసం వింటారో అందరికీ తెలుసు.

"అమ్మా, వచ్చే నెల నుంచి పోలీసు కాల్స్ అన్నీ నగరానికి పోతున్నాయి. బయటివాళ్ళు వినకుండా వాటికి తాళం వేసేస్తారు. నువ్వెంత పోసి కొన్నా ఏ స్కానరూ వినిపించదు. ఫైరు మాత్రం ఇక్కడే, మామూలుగానే ఉంటుంది. ఇద్దర్ని ఉంచుతారట. మరి రోచెల్ ఎటు?"

"తెలీదు."

"కనుక్కో. ఫైరులో ఉంటే చిన్నది చాలు. వెళ్ళిపోయేట్టయితే రెండూ దండగే. ఊరికే డాష్‌బోర్డు కొయ్యడం నాకిష్టం లేదు."

కనుక్కో అన్నాడు, ఎంత తేలిగ్గా అన్నాడో. మిట్ట మీదికి వెళ్ళి చాలాసేపు ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటి నంబరుకు చేస్తే ఎత్తదు. ఆపద లేనివాళ్ళు కంట్రోల్ రూముకు చేసే ఆఫీసు నంబరు ఒకటుంది, దాన్ని ఎత్తక తప్పదు.

"కౌంటీ కంట్రోల్ రూము. చెప్పండి."

రోచెలే. ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"హలో? మేడమ్, బాగానే ఉన్నారా? ఎవరినైనా పంపించమంటారా?"

"ఎవరూ వద్దు. కారులో స్కానర్ పెట్టించుకుంటున్నాను. నువ్వు ఫైరులో ఉంటావో, నగరానికి పోతావో తెలిస్తే ఏది కొనాలో తేల్చుకుంటాను."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది.

"ఇది రికార్డయ్యే లైను, మేడమ్."

"అవనీ."

ఆమె వెనక ఎవరో కుర్చీ జరిపారు.

"ఏదీ కొనకండి," అంది చివరికి. "నగరానికే."

"దూరం కదా. మంచులో ఎలా నడుపుతావు?"

"అక్కడే ఇల్లు తీసుకున్నాను."

నేను ఫోను పెట్టెయ్యలేదు. తనూ పెట్టెయ్యలేదు. ఊపిరి వినబడుతోంది. స్కానర్‌లో ఎప్పుడూ ఊపిరి వినబడేది కాదు. ఇంతలో అక్కడ ఇంకో ఫోను మోగింది.

"ఉండు, కాల్ వస్తోంది," అంది గబగబా.

ఉన్నాను. ఎవరింట్లో ఏమైందోనని భయపడుతూనే ఉన్నాను. కాసేపటికి మా ఊరి సైరను మోగింది. కింద రోడ్డు మీద ఫైరింజను ఉత్తరానికి వెళ్ళిపోయింది. ఎటు వెళ్తోందో చెప్పే గొంతు నా దగ్గర లేదు. చెవికి ఆనించిన ఫోను వేడెక్కింది. ఎప్పుడు తెగిపోయిందో గమనించలేదు.

మళ్ళీ చేయలేదు. ఆమె చేతినిండా పని ఉండి ఉంటుంది.

తిరిగి వస్తుంటే ర్యూబెన్ కొట్టు ముందు నిలబడి ఉన్నాడు, మెడలో టేపుతో. ఏం తేలిందన్నట్టు రెండు చేతులూ చాపాడు. నేను చెయ్యి ఊపి, ఆగకుండా పల్లంలోకి దిగిపోయాను.