తొణకని చెంబు

ఆదయ్య పడవ అడుగున చేరిన నీళ్లను డబ్బాతో ఎత్తి మళ్లీ ప్రాణహితలోనే పోశాడు. ఇసుక మూటను నడిమికి జరిపాడు. అడుగున బరువు లేకపోతే పడవ చిన్న అలకే ఎగిరెగిరి పడుతుంది. మనిషి ఎండిన చేపలా ఉంటాడు గానీ, అరచేతులు మాత్రం గట్టివి.

అవతలి ఒడ్డున పుట్టిన మనవరాలిని చూడటానికి ఎల్లక్క పొద్దున్నే బయలుదేరింది. పడవ ఊగితే చాలు, ఆమెకు కడుపులో తిప్పుతుంది. ఆమెను మూట పక్కనే కూర్చోబెట్టాడు.

"నీళ్లు చూడకు చెల్లే, ఒడ్డు చూడు."

నడి ఏట్లో గాలి లేచింది. అల పక్క నుంచి కొడితే పడవ ఒరుగుతుంది. పడవ మూతిని అలకు ఎదురు తిప్పబోయాడు. ఈమధ్య మాట వినని ఎడమ చెయ్యి ఆలస్యం చేసింది. ఎల్లక్క వాంతి చేసుకుంది. ఆదయ్యకు సిగ్గేసింది.

పడవ తనకిమ్మని కూతురు కళ్యాణి ఎన్నాళ్లుగానో అడుగుతోంది. వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. మెడదాకా నీళ్లున్న చెంబును పడవలో పెట్టి, చుక్క ఒలకకుండా జనాన్ని దాటించినవాళ్లకే తెడ్డు. కళ్యాణి ప్రతిసారీ ఒలకబోసింది.

ఆ సాయంత్రం ఎల్లక్కనూ జనాన్నీ తిరిగి తెచ్చేటప్పుడు ఆదయ్యే తెడ్డు ఆమె చేతికిచ్చాడు. కళ్యాణి చెంబు నింపి మూట పక్కన పెట్టింది. అతను మొదటిసారి జనం మధ్య కూర్చున్నాడు. గాలి పొద్దుటికంటే జోరుగా ఉంది. పెద్ద అల రావడం చూసి చెప్పబోయాడు. కళ్యాణి అప్పటికే మూతి తిప్పేసింది.

"అన్నా, పొద్దుగాల నా పేగులు నోట్లెకొచ్చినయ్. నీ బిడ్డ తెడ్డేస్తే కునుకు పడుతున్నది," అంది ఎల్లక్క. "మనుమరాలిని తొట్టెలల ఏసే నాడు గూడ నువ్వే దాటియ్యాలె కళ్యాణీ."

ఆదయ్య గర్వంగా నవ్వాడు.

"ఇగ నేను జర పండుకుంట తియ్యి," అని మూట మీద తల వాల్చాడు.

ఒడ్డు తగలగానే అందరూ ఒక్కసారే లేచి పడవను ఒరగదోయడం ఆ జనానికి పాత అలవాటు. అందుకే ఆదయ్య ఒక కట్టుబాటు పెట్టాడు. అందరికన్నా పెద్దవాళ్లు దిగేదాకా ఎవరూ లేవకూడదు. కళ్యాణి తాడు కట్టింది. ఎవరూ లేవలేదు. పడవలో అందరికన్నా పెద్ద ఆదయ్యే.

"బాపూ, ఒడ్డొచ్చింది. దిగు."

రెండోసారి పిలిచి, చెంప తాకి చూసింది. అతని నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. కళ్యాణి గొల్లుమంది. ఎల్లక్క ఆమెను గుండెకు హత్తుకుంది. అప్పటికీ ఎవరూ లేవలేదు. ముందు అతన్నే దింపారు.

పడవలో ఇసుక మూట పక్కన ఇత్తడి చెంబు ఉంది, మెడదాకా నీళ్లతో, కళ్యాణి నింపినట్టే.