బీడీ లేకుండా గట్టు మీద

సంగటికి పెట్టిన ఎసరు మరుగుతుంటే చెన్నమ్మ పొయ్యి ముందే కళ్ళు మూసుకుంది. గూట్లో పెట్టిన సెల్లులోంచి ఒక గొంతు మెత్తగా ఊపిరిని గమనించమంటోంది. గమనించేలోపే మొగుడు పుల్లన్న చొక్కా ఎక్కడని కేకేశాడు. మళ్ళీ మూసింది. సంగటి ఇంకా కాలేదా అంది అత్త తిమ్మమ్మ. మూడోసారి పుల్లన్నే వచ్చి, "ఊపిరి పీల్చేకి గూడా సెల్లు కావల్లనా నీకి?" అంటూ బీడీ ముట్టించాడు. ఆ వాసనకు ఆమెకు నోరూరింది. ఊరినందుకు సిగ్గేసింది, ఆయన మీద ఒళ్ళు మండింది.

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషనై రెండేళ్ళు. బీడీ మానకపోతే జబ్బు తిరగబెట్టే భయం ఎక్కువని ఆస్పత్రిలో చెప్పారు. అక్కడ బీడీ మాన్పించే భారతి మేడం సెల్లులో ఈ ధ్యానం యాప్ పెట్టిచ్చి, బీడీ మీదికి మనసు పోయినప్పుడల్లా పది నిమిషాలు ప్రశాంతంగా కూర్చుని వినమంది. మంచి మాటే. ఆ పది నిమిషాలు ఎవరిస్తారో మాత్రం చెప్పలేదు. రోజుకు రెండు కట్టలు ఊదేసే పుల్లన్నను పల్లెత్తు మాట అనని చుట్టాలు, ఆమె మంచం పక్కన కూర్చుని, ఆడది బీడీ తాగితే రోగం రాక ఏమొస్తుందని తేల్చిపోయారు. ఎందుకు నేర్చుకున్నావని ఒక్కరూ అడగలేదు. పదహారో ఏట శెనక్కాయ చెట్లు పీకే కూలికి పోయి నేర్చుకుంది. చేలల్లో అదో ఆనవాయితీ. బీడీ తాగేవాళ్ళు అది కాలేదాకా గట్టున కూర్చోవచ్చు, తాగనివాళ్ళు వంచిన నడుము ఎత్తకూడదు. ఊరికే కూర్చుంటే సోమరిపోతు అంటారు. మొదటి బీడీకి దగ్గి దగ్గి కళ్ళనీళ్ళొచ్చాయి గానీ, నడుముకు ప్రాణం లేచొచ్చింది.

ఈరోజు బత్తలపల్లె దారిలోని చేలో, పొద్దు నెత్తికెక్కే వేళకు ఆపరేషనైన వైపు చెయ్యి బరువెక్కింది. తాగేవాళ్ళంతా గట్టెక్కారు. తోటి కూలీ సుబ్బలక్ష్మమ్మ జాలిపడి ఒక బీడీ చాపింది. చెన్నమ్మ అందుకుని, అగ్గిపుల్ల గీయబోయి ఆగింది. ముప్పై ఏళ్ళుగా తనకు కావలసింది పొగ కాదనీ, ఈ గట్టేననీ అప్పుడు తెలిసింది. తెలిసి ఏడుపొచ్చింది. బీడీ తిరిగిచ్చేసి, గట్టు మీదే కూర్చుని కళ్ళు మూసుకుంది.

కూలీలను పిలిచే మేస్త్రీ నల్లప్ప వచ్చాడు. "బీడీ ఇడిసిపెట్టినావంట గదమ్మా. మళ్ళా కూచున్నావేం?"

"కూచునేకి బీడీ ఏలప్పా? నడుము నొప్పి సాలదా?"

ఇట్లయితే రేపట్నించి పిలవనన్నాడు. పిలవకపోతే ఇంకో చేనుకు పోతాననీ, అక్కడా కూర్చుంటాననీ చెప్పి, ఆమె ఊపిరి వదిలింది. సాలులో ఎవరో లేచిన చప్పుడైంది. ఎన్నడూ బీడీ ముట్టని లక్ష్మీదేవి, చేతుల మట్టి దులుపుకుంటూ వచ్చి, గట్టున ఆమె పక్కన కూర్చుంది.