తాళం తీయని లెక్క

మా కంపెనీవాళ్లు నాకిచ్చిన పని ఎవరు విన్నా తిక్క అంటారు. తాళం వేసిన, అంటే ఎవరూ చదవలేని గుప్త అక్షరాలుగా మార్చిన అంకెల మీద తాళం తీయకుండానే లెక్క చేయాలి. జవాబు కూడా తాళంతోనే రావాలి. మామూలు ప్రోగ్రామును అలా నడిచేలా మార్చే కంపైలర్‌ను నస్పూర్‌లో మా ఇంట్లో కూర్చునే రాశాను. ఇక మిగిలింది, ఏ కంప్యూటర్‌లోనైనా ఎక్కేలా దాన్ని ఒక మూటగా కట్టడం.

మొదటి పరీక్షకు మా నాన్నే దొరికాడు, మేం బాపు అంటాం. పేరు దేవదాస్, శ్రీరాంపూర్ గనిలో పని, ఏడాదిగా దగ్గు. కాలనీలో పెట్టిన క్యాంపులో మిషన్‌లోకి ఊది వచ్చాడు గానీ, ఊపిరి లెక్క ఎంత వచ్చిందో నాకూ అమ్మకూ చెప్పడు. కరీంనగర్ డాక్టర్ దగ్గరికి పోదామంటే వినడు. నాకు కోపం, అంతకంటే ఎక్కువ భయం.

"నాకు చెప్పకు బాపు. గీ పాత లాప్‌టాప్‌ల మూడు డబ్బాలున్నయి, వాటిల రాయి, తాళంచెవి నీ దగ్గర్నే ఉంటది. ఒకటి వస్తే డాక్టర్ దగ్గరికి పోవాలె, సున్నా వస్తే అక్కర్లే," అన్నాను.

"నువ్వు చూడవు గదా?"

"చూసినా నాకు సమజ్ కాదు."

రాశాడు. తాళం పడ్డ అంకెలు నా కంప్యూటర్‌కు వచ్చాయి, లెక్క నడిచింది, జవాబు తిరిగి వెళ్లింది. బాపు తెరిచి చూశాడు.

"మైనస్ ముప్పై ఎనిమిది వేలంట," అన్నాడు.

రావాల్సింది ఒకటో సున్నానో. మూట కట్టడంలో ఏదో మరిచానని మళ్లీ కట్టాను. అదే జవాబు. కంపైలర్‌నే మొదటినుంచి బిల్డ్ చేశాను. అదే మైనస్. తప్పెక్కడుందో పట్టుకోవాలంటే బాపు రాసిన అంకెలు చూడాలి, చూడకుండా ఉండేందుకే ఇంత తంటా. ఎటు పోవాలో తోచక చివరికి అడిగేశాను.

"అంకె చెప్పకు. మొదటి డబ్బాల ఏం రాసినవో గది చెప్పు."

"గనిల నా నంబర్. ఏ కాగితమైనా మొదాలు గదే గదా రాసేది. తర్వాత వయసు, ఆఖర్ల ఎత్తు."

"ఏది ఎక్కడ్నో డబ్బాల మీద రాసుంది గదా బాపు?"

"ఇన్నేండ్లసంది గట్లనే రాస్తున్న. ఎవలు చదువుతరు?"

"మరి ఊపిరి లెక్క?"

"డబ్బా మిగల్లే. మంచిదే అనుకున్న."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. పక్కన కూర్చుని ఏ డబ్బా దేనికో చెప్పి, అంకెలు నా కంట పడకుండా లేచి బయటికి పోయాను. లోపల బాపు మళ్లీ రాశాడు, లెక్క నడిచాక నన్ను పిలిచాడు.

"సరిగ్గనే వచ్చింది బిడ్డా," అన్నాడు.

"ఒకటా, సున్నానా?"

"గది నీకు తెల్వొద్దనే గదా నువ్వింత పని చేసింది."

నా తెర మీద అర్థంకాని అక్షరాలే ఉన్నాయి. కంపైలర్ పనిచేసింది, మూటా పనిచేసింది. నెలల తరబడి నేను కోరుకున్నది ఇదే, అయినా ఆ తాళాన్ని పగలగొట్టాలనిపించింది.

బాపు లాప్‌టాప్ మూశాడు. గోడవైపు చూస్తూ నన్నడిగాడు.

"పద్మా, పొద్దుగాల కరీంనగర్ బస్సు ఎన్నింటికే?"