ఎవరూ ఫిర్యాదు చేయని లిఫ్టు

ప్రభుత్వాసుపత్రి లిఫ్టుల మరమ్మతు కాంట్రాక్టు చేజారిందన్న కబురు వచ్చేసరికి లిఫ్టక్క దుకాణంలో ఇనుపతాడుకు గ్రీజు పూస్తోంది. భర్తకు మోకాళ్లు పట్టేశాక దుకాణం ఆమె చేతికొచ్చింది, పేరూ అప్పుడే వచ్చింది. చేతులు తుడుచుకుని ఉత్తరం చదివింది. ధర ఆమెదే తక్కువ. ‘గత పనితీరు’ దగ్గర మాత్రం మార్కు లేదు. ‘అంచనా వేయడానికి వీలుపడలేదు’ అని రాశారు. రెండు బ్లాకుల కాంట్రాక్టూ, ఇప్పటిదాకా ఆసుపత్రి పక్క బ్లాకు లిఫ్టులు చూసే మీసాలాయనకే ఇచ్చారు.

“ఇన్నేళ్లూ పాత బ్లాకు లిఫ్టులు చూసిందెవరంట వదినా? దెయ్యాలా?” అన్నాడు మరిది. దుకాణంలో మెకానిక్ అతనే.

లిఫ్టక్క ఉత్తరం మడిచి గల్లాపెట్టెలో పెట్టింది. ఆసుపత్రి పోతే మిగిలేవి రెండు అపార్ట్‌మెంట్లు. వాటితో మరిదికి జీతం ఇవ్వడం కుదరదు. మీసాలాయన తన దగ్గరికి వచ్చెయ్యమని అతనికి అప్పుడే కబురు పెట్టాడు కూడా. ఆమె ఆ సాయంత్రమే కూర్చుని అప్పీలు రాసింది.

విచారణ గదిలో ఒక బల్ల, అటు విచారణాధికారిణి, ఇటు లిఫ్టక్క, మరిది. గోడవారగా మీసాలాయన.

“మీ మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదమ్మా,” అంది అధికారిణి.

“లేదండీ.”

“అక్కడే వచ్చింది చిక్కు.”

లిఫ్టక్క అర్థమైనట్టు తలూపింది. పక్కకు చూస్తే మరిదీ తలూపుతున్నాడు. అతనికీ అర్థం కాలేదని తెలిసిపోయింది.

“పనితీరంటే మేం చూసేది, ఫిర్యాదు వచ్చాక ఎంతసేపట్లో వెళ్లారు, ఎంతసేపట్లో బాగుచేశారు అని. ఆయన మీద ఫిర్యాదులు బోలెడు. పిలిచిన ప్రతిసారీ చిటికెలో వచ్చాడు. పూర్తి మార్కులు పడ్డాయి. మిమ్మల్ని ఎవరూ పిలవనే లేదు. నేను దేన్ని చూసి వెయ్యను?”

“లిఫ్టు ఆగితే కదండీ పిలిచేది.”

“ఆగలేదని మీరంటున్నారు. ఆగినా ఎవరూ చెప్పలేదేమో.”

“లోపల ఇరుక్కున్నవాళ్లు ఊరుకుంటారా అండీ?”

అధికారిణి కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. “ఊరుకోరు. నిజమే. అయినా దానికి మా ఫారంలో గడి లేదమ్మా. అసలు ఆగకుండా ఏం చేస్తారు మీరు?”

మరిదికి హుషారొచ్చింది. “తెల్లారి జనం రాకముందే వెళ్తానండీ. గ్లాసు నిండా నీళ్లు పోసి లిఫ్టులో నేలమీద పెడతాను. కింది నుంచి పైదాకా ప్రతి అంతస్తులో ఆపుకుంటూ పోతాను. ఆగినప్పుడు నీళ్లు ఒలికాయా, బ్రేకు సరిచేస్తాను. ఒలకలేదా, ఆ నీళ్లు తాగేసి ఇంటికొస్తాను.”

“దానికి రికార్డు ఉందా?”

“గ్లాసుందండీ.”

మీసాలాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అధికారిణికి నవ్వు రాలేదు. ఆమె చాలాసేపు ఏదో రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. చివరికి చదివి వినిపించింది. కాంట్రాక్టు ఇవ్వడం మూడు నెలలు నిలిపివేత. అప్పటిదాకా ఎవరి లిఫ్టులు వాళ్లే చూసుకోవాలి. ఆ మూడు నెలల్లో వచ్చిన ఫిర్యాదులకు ఎవరెలా స్పందించారో చూసి మళ్లీ మార్కులు.

“మీరు గెలిచారమ్మా,” అంది.

“గెలిచానా అండీ?”

“అప్పీలు నెగ్గింది కదా.”

వరండాలో మీసాలాయన ఎదురొచ్చాడు. “కోపం పెట్టుకోకు అక్కా. మా లిఫ్టు నెలకోసారైనా ఆగుతుంది. పరిగెత్తుకెళ్తాను. తలుపు తీయగానే లోపలివాళ్లు నన్ను దేవుణ్ని చూసినట్టు చూస్తారు. పెద్ద డాక్టరు నా భుజం తట్టాడు. మీ మరిది మొహం ఆ ఆసుపత్రిలో ఎవరికైనా తెలుసా?” అందులో ఎకసెక్కం ఉందా అని లిఫ్టక్క వెతికింది. కనబడలేదు.

ఇంటికి వెళ్తూ మరిది గొంతు తగ్గించాడు. “వదినా, ఒక్కసారి ఆగనిద్దామా? ఊరికే, ఎవరూ లేనప్పుడు.”

“ఎవరూ లేనప్పుడు ఆగితే ఫిర్యాదు ఎవరు చేస్తారురా, నీ బొంద!”

“అవును కదూ,” అని అతను ఆలోచనలో పడ్డాడు.

మర్నాడు తెల్లారి ఆమె కూడా అతనితో ఆసుపత్రికి వెళ్లింది. గ్లాసు పెట్టారు. రెండో అంతస్తులో నీళ్లు కదిలాయి. మూడో అంతస్తులో అంచు దాటి నేలమీద పడ్డాయి. మరిది రెంచీ తీసుకుని కదలకుండా నిలబడ్డాడు.

“చెప్పు వదినా. ఇప్పుడు సరిచేయనా, ఎవరైనా పిలిచేదాకా ఆగనా?”

ఆమె ఒలికిన నీళ్లకేసి చూసింది. రాత్రంతా ఇదే లెక్క వేసుకుంది. ఆగితే మార్కులు వస్తాయి, దుకాణం నిలుస్తుంది, మరిది ఉంటాడు. లెక్క ప్రతిసారీ సరిపోయింది.

ఇంతలో ఒక ఆయా చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. కుర్చీలో ఒక ముసలాయన, ఒళ్లో ఎక్స్‌రే కవరు. ఆయా ముందు చక్రం గుమ్మం మీదికి ఎక్కించబోయింది.

“ఆగమ్మా!” అంటూ లిఫ్టక్క గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది. “ఎక్కొద్దు. బ్రేకు సరిచేయాలి. ఒరేయ్, పైన మోటారు గదికెళ్లు.”

మరిది మెట్లమీద పరుగెత్తాడు.

“పొద్దున్నే మొదలెట్టారూ!” ఆయా విసుక్కుంది. “పక్క బ్లాకతను నయం. పిలిస్తే చిటికెలో వాలతాడు. మీరు పిలవకుండానే వచ్చి దారికి అడ్డం.”

లిఫ్టక్కకు ఏదో తట్టింది. “అమ్మా, ఆ మాటే కింద ఆఫీసులో ఫిర్యాదు రాయించవూ? నీకు పుణ్యముంటుంది.”

“ఏమని రాయించను? లిఫ్టు చెడిపోయిందనా?”

“చెడిపోలేదు.”

“మరి పిలిస్తే రాలేదనా?”

“వచ్చాం కదా.”

ఆయా ఆమెను ఎగాదిగా చూసింది. కుర్చీలో ముసలాయన తల తిప్పి, “ఏమంటుందే ఆవిడ?” అని అడిగాడు.

“నాకేం తెలుసు తాతా, నువ్వే అడుగు,” అంది ఆయా.

లిఫ్టక్క గుమ్మానికి అడ్డంగా అలాగే నిలబడింది. పైనుంచి రెంచీ చప్పుడు వినబడుతోంది. ఏమని రాయించాలో ఆమె ఇంకా ఆలోచిస్తూనే ఉంది.