తడి డబ్బాలు

షెడ్డులో ఆమెను అందరూ అయస్కాంతం అక్క అనేవాళ్లు. పాత సామాన్ల కుప్పలోంచి అయస్కాంతంతో ఇనుమూ, అల్యూమినియమూ వేరు చేయడం ఆమె పని. వేరు చేసిన అల్యూమినియం డబ్బాలను కొలిమిలో కరిగించేది ఆమె తమ్ముడు.

ఆ వారమంతా వానలు. కుప్ప మీద పైకప్పు లేదు. కరిగిన లోహంలోకి నీళ్లు వెళితే పేలుతుందని తమ్ముడు చెబుతూనే ఉన్నాడు. "రేకులు వేయిద్దాంలేవయ్యా" అంటూ యజమాని దాటేస్తూనే ఉన్నాడు. చివరికి తడి డబ్బాలే కొలిమిలో పడ్డాయి. కుతకుతలాడే లోహం ఎగిరి తమ్ముడి మెడనూ, చేతులనూ కాల్చేసింది.

"వద్దన్నానక్కా. వెయ్యకపోతే రేపట్నించి రావద్దన్నాడు" అన్నాడతను ఆసుపత్రి మంచం మీద.

అక్కకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా షెడ్డుకు వెళ్లింది. యజమాని ఎవరో కొనుగోలుదారుకు కొలిమి చూపిస్తున్నాడు.

"పాతది కరిగిస్తే ఖనిజం కోసం కొండలు తవ్వక్కర్లేదండీ. కరెంటు కూడా బోలెడంత ఆదా."

"నిజమేనండీ" అంది అక్క. "చెత్తలో పనేంటమ్మా అని నా కూతురు అడిగితే నేనూ అదే చెప్పాను, కొండల్ని కాపాడుతున్నానని. మరి నా తమ్ముణ్ణి కాపాడాల్సిందెవరు?"

"లోపలికి రా, మాట్లాడదాం."

"ఇక్కడే మాట్లాడండి." ఆమె వెళ్లి కొలిమి ముందు బైఠాయించింది. "రేకులు పడేదాకా ఇందులో ఒక్క డబ్బా కూడా పడదు."

"మతిగానీ పోయిందా? నువ్వు కాకపోతే పదిమంది వస్తారు."

"రానివ్వండి. తడి డబ్బాలు వేయించి నా తమ్ముణ్ణి కాల్చేశారని వాళ్లకీ చెబుతాను."

డబ్బాలు మోసే పెద్దాయన గంప దించి ఆమె పక్కనే కూర్చున్నాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చారు.

"తడి సరుకు వేయించారా?" అని కొనుగోలుదారు అడిగాడు. యజమాని ఆయన భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్లబోయాడు. కొనుగోలుదారు ఆ చెయ్యి తోసేసి, వెళ్లి కారెక్కాడు.

బేరం చెయ్యిజారేసరికి రేకులు పడ్డాయి. మందపాటి చేతితొడుగులూ, ముఖానికి అడ్డుపెట్టుకునే అద్దాలూ వచ్చాయి. పొగ మాత్రం ఎప్పటిలాగే కళ్లు మండిస్తోంది. పొగగొట్టం ఎత్తు పెంచమని అక్క రోజూ పోరుతూనే ఉంది.

తమ్ముడి వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. కరిగిన లోహం తోడే గరిటె పట్టలేడు.

"వాడికిప్పుడేం పనివ్వను?" అన్నాడు యజమాని.

"వచ్చే సరుకు తడిగా ఉందో, పొడిగా ఉందో చూస్తాడు. వాడు సరేనంటేనే కొలిమిలోకి వెళ్లాలి" అంది అక్క.

అడుగుతున్నట్టుగా అనలేదు. ఆయన కాదనలేదు.